రేడియోకి తగిలించే ముందు: బ్యాటరీ వాల్వు సెట్టుకి ఇంట్లో చేసిన సప్లైని పరీక్షించే పద్ధతి

పాత రేడియోల్లో ట్రాన్సిస్టర్ల పని చేసే గాజు వాల్వులు నాలుగు ఒకేసారి పోగొట్టుకున్నవాణ్ణి నేను. చప్పుడు లేదు, పొగ లేదు. బల్ల మీద మీటరు పెట్టి చూసినప్పుడు బ్యాటరీల బదులు ఇంటి కరెంటు (మెయిన్స్) నుంచి వోల్టులిచ్చే నా సప్లై చక్కగా 1.4 వోల్టులు చూపించింది. దాన్ని రేడియో పెట్టె వెనక సర్దుతుంటే వైరు కాస్త లాగినట్టయింది. లోపల సరిగా పట్టని సోల్డరింగు ఒకటి ఊడింది. 1.4 కాస్తా ఆరైంది. డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96, ఈ నాలుగు వాల్వుల ఫిలమెంట్లూ, అంటే లోపల వేడెక్కే తీగలు, తలవెంట్రుక కంటే సన్నం. అనుమానం వచ్చి మీటరు పెట్టేసరికి నాలుగూ ఓపెన్, అంటే తెగిపోయాయి.

సప్లై పని చేస్తోందా లేదా అని చూశాను గానీ, చెడితే ఎలా చెడుతుందని చూడలేదు. ఆ రోజు నుంచి ఏ సప్లైనైనా కింద చెప్పిన వరసలోనే పరీక్షిస్తున్నాను. రేడియో వంతు చిట్టచివర వస్తుంది.

కరెంటు రాని ఊళ్ళలో ఒకప్పుడు రేడియో అంటే బ్యాటరీ సెట్టే. ఫిలమెంట్లకు ఒకటిన్నర వోల్టు, ప్లేట్లకు 90 వోల్టులు ఇచ్చే ఎండు బ్యాటరీ ప్యాకు ఒకటి వెనక కూర్చునేది. ఆ ప్యాకులు ఇప్పుడు అంగట్లో లేవు. పండక్కో పబ్బానికో ఒకసారి వినడానికైతే తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పది వరసగా కలిపి, ఫిలమెంట్లకు ఒక పెద్ద టార్చి సెల్లు పెట్టుకోండి. మెయిన్స్ గొడవే ఉండదు. పది బ్యాటరీల 90 వోల్టులు కూడా చేతికి తగిలితే గట్టిగానే కొడతాయి, అది మాత్రం గుర్తుండాలి. రోజూ వినాలంటే మెయిన్స్ సప్లై చేసుకోక తప్పదు.

ముందు కాగితం మీద

సెట్టుకి ఏం కావాలో రాసుకోండి. 96 వరస వాల్వుల్లో డీకే, డీఎఫ్, డీఏఎఫ్ తలా 25 మిల్లీ ఆంపియర్లు లాగుతాయి. డీఎల్96 1.4 వోల్టుల దగ్గర 50 లాగుతుంది. మొత్తం 125. అంతకు ముందు వచ్చిన డీకే91, డీఎఫ్91, డీఏఎఫ్91, డీఎల్92 వరసైతే సరిగ్గా రెట్టింపు, 250. 90 వోల్టుల లైను నుంచి నాలుగు వాల్వుల సెట్టు 8 నుంచి 12 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. కొన్ని సెట్లలో ఫిలమెంట్లను వరసగా కలిపి ఏడెనిమిది వోల్టులు ఇస్తారు. సర్క్యూటు కాగితం గానీ, పెట్టె వెనక అంటించిన చీటీ గానీ చూడకుండా 1.4 అనేసుకోకండి.

ఇక సప్లై. నేను చేసేది ఇలా ఉంటుంది, పరీక్షల్లో వచ్చే అంకెలన్నీ దీనివే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఇచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్లు (మధ్య తీగ నుంచి అటూఇటూ 12, చివర నుంచి చివరకి 24 వోల్టులు) రెండు. మొదటిది 230ని 12 చేస్తుంది. ఆ 12ని రెండో ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టుల చివర్లకు ఇస్తే, దాని 230 వైపు నుంచి నూటికి కాస్త అటూఇటూగా ఏసీ వస్తుంది. ఇలా ఎదురెదురుగా పెట్టడంలో లాభం, 90 వోల్టుల వైపుకి ఇంటి మెయిన్స్‌తో ఎక్కడా సంబంధం ఉండదు. ఏసీని డీసీ చేసే నాలుగు 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జి, 47 మైక్రోఫారడ్ల 400 వోల్టుల కండెన్సరు, దాని మీద ఎప్పటికీ ఉండిపోయే 100 కిలో ఓంల ఒక వాటు రెసిస్టరు. ఆ తర్వాత 100 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, 470 ఓంల 5 వాట్ల రెసిస్టరు, వోల్టేజీని అదుపు చేసే ఐఆర్ఎఫ్840 మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టరు). దాని అదుపు కాలైన గేటుకి, వోల్టేజీని ఒక అంకె దగ్గర నిలబెట్టే 47 వోల్టుల జీనరు డయోడ్లు, అంటే 1ఎన్4756ఏ, రెండు వరసగా. 94లో గేటు దగ్గర మూడు నాలుగు వోల్టులు పోగా 90 మిగులుతుంది. గేటుకీ, వోల్టులు బయటికొచ్చే సోర్సు కాలికీ మధ్య 12 వోల్టుల జీనరు ఒకటి కాపలా. ఫిలమెంట్ల కోసం విడిగా 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఎల్ఎం317 అనే వోల్టేజీ రెగ్యులేటరు.

మొబైల్ చార్జరుకి చవక బూస్టు మాడ్యూలు తగిలించి 90 వోల్టులు లాగుదామని కొందరు చూస్తారు. వద్దు. వోల్టులు వస్తాయి, మీడియం వేవ్ అంతా గరగర కూడా వస్తుంది.

బల్ల మీద ఉండాల్సినవి

సిరీస్ బోర్డు ప్రతి ఎలక్ట్రీషియన్ దగ్గరా ఉంటుంది. మెయిన్స్ ఫేజుకి ఒక బల్బు వరసలో పెట్టి, తర్వాత సాకెట్. ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకి 25 లేదా 40 వాట్ల బల్బు చాలు. పాత రకం ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్ఈడీ ఈ పనికి రాదు. లోపల షార్టు ఉంటే ఆ బల్బు వెలిగి మిగతా సామానుని కాపాడుతుంది.

కండెన్సర్లను ఖాళీ చేయడానికి ఒక పుల్ల చేసుకోండి. 2.2 కిలో ఓంల 5 వాట్ల రెసిస్టరుని వైరింగు పైపు ముక్కలో దూర్చి, ఒక చివర మొనలాంటి తీగ, రెండో చివర పొడుగు వైరుతో క్రొకడైల్ క్లిప్పు. క్లిప్పు నెగెటివ్‌కి పెట్టి, మొనతో పాజిటివ్‌ని ఐదు సెకన్లు తాకాలి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించే అలవాటు చాలామందికి ఉంది. దాంతో కంట్లో లోహపు తునక పడ్డా పడుతుంది. ఇంకో మాట, పెద్ద కండెన్సర్లు ఒకసారి ఖాళీ చేశాక కూడా ఒకటి రెండు నిమిషాల్లో తమంతట తామే కొన్ని వోల్టులు పుంజుకుంటాయి. చెయ్యి పెట్టే ముందు మీటరుతో మళ్ళీ చూడాలి.

డమ్మీ లోడులు రెండు. 90 వోల్టులకి 10 కిలో ఓంలు, 5 వాట్లు, 9 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఫిలమెంటు వైపుకి 10 ఓంలు, 5 వాట్లు, 140 లాగుతుంది. రెండింటి మీదా పదే రాసి ఉంటుంది, పక్కన ఒక అక్షరమే తేడా. అందుకే నా దగ్గర 10 ఓంల దానికి ఎర్ర టేపు చుట్టి ఉంచాను. తారుమారు చేస్తే 90 వోల్టులు 10 ఓంల మీద పడతాయి.

మీటరుని కూడా పరీక్షించాకే నమ్మాలి. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు మీద పెడితే 1.6కి దగ్గరగా చూపించాలి. పసుపు రంగు చవక మీటర్లు లోపలి బ్యాటరీ దిగిపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో మర్చిపోయి వోల్టులు కొలవబోతే మీటరే షార్టవుతుంది, కాబట్టి ప్రతిసారీ ఆ రంధ్రం వైపు ఒక చూపు వేయండి.

ఇక మనిషి సంగతి. ఉంగరం, వాచీ, కడియం తీసేయండి. కాళ్ళకు రబ్బరు చెప్పులు, కింద పొడి చాప. కరెంటు ఉన్నంతసేపూ ఒక చెయ్యి జేబులోనో వీపు వెనకో ఉండాలి. ఇంట్లో ఇంకొకరు ఉండాలి, మెయిన్ ఎక్కడుందో వాళ్ళకి తెలియాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకి లీకైతే మెయిన్ ఆపేసే స్విచ్చి) ఉంటే మంచిదే గానీ, అది ట్రాన్స్‌ఫార్మర్ ఇవతలి వైపు మిమ్మల్ని కాపాడదు. 90 వోల్టుల రెండు కొసలూ రెండు చేతులకి తగిలితే దానికి ఆ సంగతే తెలియదు. స్విచ్చి ఆపామని ధీమాగా ఉండకండి. మన ఇళ్ళలో స్విచ్చి న్యూట్రల్‌లో కలిపిన సాకెట్లు ఎన్నో, అక్కడ ఆపినా ఫేజు లోపలే ఉంటుంది. ప్లగ్గు పీకి బల్ల మీద, కంటికి కనబడేచోట పెట్టాలి.

మొదటి మెట్టు: ప్లగ్గు పెట్టకుండా

తప్పుల్లో చాలావరకు ఇక్కడే దొరుకుతాయి. చిత్రం ఎదురుగా పెట్టుకుని ప్రతి వైరునీ రంగు పెన్సిలుతో దిద్దుకుంటూ రండి. కండెన్సరు పక్కన మైనస్ గీత ఎటుంది, డయోడు వెండి చారలు ఎటున్నాయి, జీనర్లు తిరగబడ్డాయా చూడాలి. ప్రతి సోల్డరింగునీ పుల్లతో కదిపి చూడండి, ఆ రోజు నేను చేయని పని అదే. మెరుపు లేకుండా బూడిద రంగులో ఉండలా కూర్చున్న అతుకుని అనుమానించాలి.

రెండో ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఒక జాగ్రత్త. అలవాటు కొద్దీ దాని 230 వైర్లను కూడా మెయిన్స్‌కి కలిపేసినవాళ్ళున్నారు. ఆ వైర్లు ఇక్కడ వోల్టేజీ బయటికొచ్చే దారి, లోపలికి పోయే దారి కాదు. ఒక చీటీ కట్టి ఉంచండి.

ఇప్పుడు ఓంలు. ప్లగ్గు రెండు పిన్నుల మధ్య వంద నుంచి కొన్ని వందల ఓంలు రావాలి. 12 వోల్టుల వైపు కొన్ని ఓంలే ఉంటాయి. పెట్టె లోహపుదైతే ప్లగ్గు ఎర్తు పిన్నుకీ పెట్టెకీ మధ్య అర ఓం దాటకూడదు. ప్లగ్గు పిన్నుకీ 90 వోల్టుల వైపుకీ మధ్య మీటరు ఏమీ చూపించకూడదు. మామూలు మీటరు పరీక్ష దీనికి సరిపోదు, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో కొలిచే మీటరుకి ఇన్సులేషన్ బలం తెలియదు. ఎలక్ట్రీషియన్ దగ్గర 500 వోల్టుల మెగ్గరు, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు, ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లను సర్క్యూటు నుంచి విడదీసి, ఒక్కోదాని ప్రైమరీ (230 వైపు) వైర్లు రెండూ ఒకటిగా, సెకండరీ (తక్కువ వోల్టుల వైపు) వైర్లన్నీ ఒకటిగా కలిపి మధ్యలో మెగ్గరు పెట్టండి. మంచి ట్రాన్స్‌ఫార్మర్ వందల మెగ ఓంలు చూపిస్తుంది. ఒకటి రెండు మెగ ఓంలకి దిగితే చెత్తబుట్టే.

ఇంకొకటి, దీన్ని చాలామంది దాటేస్తారు. 90 వోల్టుల నెగెటివ్‌కీ 1.4 వోల్టుల నెగెటివ్‌కీ మధ్య సప్లైలో ఏ కలయికా ఉండకూడదు. మీటరు ఓపెన్ చూపించాలి. చాలా సెట్లలో డీఎల్96 గ్రిడ్డుకి కావలసిన బయాస్‌ని, అంటే వాల్వు లాగే కరెంటుని అదుపులో ఉంచే చిన్న నెగెటివ్ వోల్టేజీని, ఆ రెండు నెగెటివ్‌ల మధ్య సెట్టు లోపలే పెట్టిన కొన్ని వందల ఓంల రెసిస్టరు తయారు చేస్తుంది. రెండు నెగెటివ్‌లూ ఒకటేగా అని సప్లైలో కలిపేస్తే ఆ రెసిస్టరు షార్టయి, బయాస్ లేని డీఎల్96 మోయలేనంత బరువు మోస్తుంది. పాట కాస్త గీరగా వస్తుంది, వాల్వు నెమ్మదిగా అరిగిపోతుంది. కారణం తట్టడానికి నెలలు పడుతుంది.

రెండో మెట్టు: ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రమే

బ్రిడ్జిని విడదీసి, ట్రాన్స్‌ఫార్మర్లను సిరీస్ బోర్డు మీద పెట్టండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో తీగే సన్నం కాబట్టి, సెకండరీ పూర్తిగా షార్టయినా బల్బు పూర్తి వెలుగు ఇవ్వకపోవచ్చు. ఎర్రగా మినుకుతూ వెలుగుతున్నా సరే, అది షార్టే అనుకుని ప్లగ్గు పీకేయండి.

అంతా బాగుంటే బల్బు తీసేసి నేరుగా పెట్టి, క్లిప్పులు ముందే తగిలించి ఉంచిన మీటరుతో ఏసీ చూడండి. క్లిప్పులు తగిలించడం, తీయడం అంతా ప్లగ్గు బయట ఉన్నప్పుడే. రెండో ట్రాన్స్‌ఫార్మర్ చివర 110 నుంచి 120 వస్తే కంగారు పడకండి, లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రాసిన దానికంటే ఎక్కువే ఇస్తాయి. పావుగంట వదిలేసి, ప్లగ్గు పీకి, చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు, వేలు ఆనించలేనంత వేడి ఉండకూడదు.

మూడో మెట్టు: బ్రిడ్జి, కండెన్సరు

బ్రిడ్జిని కలిపి మళ్ళీ సిరీస్ బల్బు మీదే. మాస్‌ఫెట్ ఇంకా విడిగానే ఉండాలి. బల్బు మెరిసి ఆరాక కండెన్సరు మీద 160కి అటూఇటూ డీసీ కనబడాలి. ఏసీ 115 అయితే శిఖరం 1.4 రెట్లు అనే లెక్క ఇది. రాత్రి పదకొండుకి పల్లెల్లో వోల్టేజీ 250 దాకా పోయే రోజులుంటాయి, అప్పుడు ఇదే 175 దాటుతుంది. 160 వోల్టులని రాసిన కండెన్సరు సరిపోతుందనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. 400 వోల్టులది పెట్టమన్నది అందుకే.

ఇప్పుడు ప్లగ్గు పీకి, మీటరు వైపు చూస్తూ లెక్కపెట్టండి. 100 కిలో ఓంలని 47 మైక్రోఫారడ్లతో గుణిస్తే 4.7 సెకన్లు, కండెన్సరు ఖాళీ అయ్యే వేగానికి కొలత అది. పన్నెండు పదమూడు సెకన్లలో పది వోల్టుల కిందికి దిగిపోవాలి. అంకె కదలకుండా నూటయాభై దగ్గరే నిలబడిందంటే ఆ రెసిస్టరు పట్టలేదన్నమాట. ఇది తేలకుండా ముందుకు పోవద్దు. సప్లైలో మిగతావన్నీ రేడియోని కాపాడతాయి, ఈ ఒక్క రెసిస్టరు మిమ్మల్ని కాపాడుతుంది.

నాలుగో మెట్టు: 90 వోల్టులు

మాస్‌ఫెట్ కలపండి. దాని వెనక రేకు, వోల్టులు లోపలికొచ్చే డ్రెయిన్ కాలికి కలిసి ఉంటుంది, అంటే ఆ రేకు, దానికి నేరుగా బిగిస్తే హీట్‌సింకు (వేడి లాగే లోహపు ముక్క) రెండూ 150 వోల్టుల మీద ఉంటాయి. వెండిరంగులో అమాయకంగా కనబడుతుంది గానీ వేడెక్కిందేమోనని వేలు పెట్టడానికి మనసు లాగేది దాని మీదికే. మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్షు పెట్టి బిగించండి. బిగించాక రేకుకీ హీట్‌సింకుకీ మధ్య ఓపెన్ వస్తోందా చూడండి.

లోడు లేకుండా చూస్తే 90కి కాస్త పైన ఏదో వస్తుంది. దాన్ని రాసుకోండి గానీ నమ్మకండి. లోడు లేని సప్లై ఏమైనా చూపిస్తుంది, పెళ్ళిచూపుల్లో అందరూ నెమ్మదస్తులే. ప్లగ్గు పీకి, కండెన్సరు ఖాళీ చేసి, 10 కిలో ఓంల లోడు తగిలించి మళ్ళీ పెట్టండి. 88 నుంచి 91 మధ్య ఉంటే బాగుంది. 75కో 80కో పడిపోతే కండెన్సరు మీద చూడండి. అక్కడ 140 పైన ఉంటే తప్పు మాస్‌ఫెట్, జీనర్ల దగ్గర. అక్కడే తక్కువుంటే ట్రాన్స్‌ఫార్మర్ల వైపు.

లోడుతో గంటసేపు నడవనివ్వండి. పావుగంటకోసారి అంకె రాయండి. మాస్‌ఫెట్ అర వాటు చిల్లర మాత్రమే ఖర్చు చేస్తుంది కాబట్టి, ప్లగ్గు పీకి ఖాళీ చేసి తాకితే వెచ్చగా అనిపించాలి, అంతే.

తర్వాత చేసే పరీక్ష చాలామందికి చేయబుద్ధి కాదు. కావాలనే 90 వోల్టుల కొసల్ని షార్టు చేయడం. ప్లగ్గు బయట ఉండగానే ఒక తీగతో రెండు కొసల్నీ కలిపి, సిరీస్ బల్బు తీసేసి, స్విచ్చి వేయాలి. కళ్ళద్దాలు పెట్టుకుని, రెండడుగులు వెనక నిలబడి. 470 ఓంల గుండా 300 మిల్లీ ఆంపియర్ల దాకా పోవాలని చూస్తుంది, 100 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోకుండా రెసిస్టరు పొగలు కక్కితే మీరు పెట్టింది వేరే ఫ్యూజన్నమాట. అంగట్లో 100 అడిగితే 1 ఆంపియరుది చేతిలో పెట్టేవాళ్ళున్నారు, గాజు పక్కన లోహపు టోపీ మీద అంకె చదువుకోండి. ఫ్యూజు మార్చి, 90 మళ్ళీ వస్తోందో లేదో చూడండి. రాకపోతే మాస్‌ఫెట్ పోయింది. అది ఇక్కడే పోవడం మేలు, పోయేది కొన్ని పదుల రూపాయలే.

ఐదో మెట్టు: 1.4 వోల్టులు, నన్ను ముంచింది ఇదే

ఎల్ఎం317 అవుట్‌పుట్టుకీ అడ్జస్ట్ కాలికీ మధ్య 220 ఓంలు, అడ్జస్ట్ నుంచి నెగెటివ్‌కి 27 ఓంలు పెడితే లెక్క ప్రకారం 1.40 వస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఆ 27 ఓంల అతుకు ఊడితే అవుట్‌పుట్టు లోపలికి వచ్చే వోల్టేజీని అందుకోబోతుంది. అందుకని ఇప్పుడు నేను 27 బదులు 56 ఓంలవి రెండు పక్కపక్కన పెడుతున్నాను. రెండూ కలిస్తే 28, వోల్టేజీ 1.41. ఒకటి ఊడినా 1.57 దగ్గర ఆగుతుంది, వాల్వులు బతుకుతాయి. తిప్పుకునే ప్రీసెట్ రెసిస్టరు అసలు పెట్టకండి. అందులో తిరిగే ముల్లు ఏదో ఒక రోజు పట్టు వదులుతుంది.

అవుట్‌పుట్టు మీద 1ఎన్5408 డయోడ్లు రెండు వరసగా, వోల్టేజీ పెరిగితే కరెంటు పారే దిక్కులో, అంటే చార నెగెటివ్ వైపుకి పెట్టండి. మామూలప్పుడు అవి కాస్త ఆంపియరేజీ తింటాయి, తిననివ్వండి. ఏదైనా చెడి వోల్టేజీ ఎగబాకితే 1.7, 1.8 దగ్గర పట్టి ఆపి, ఈలోపు 250 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు పోయేలా చేస్తాయి. ఆ ఫ్యూజు ఎల్ఎం317కి ముందు వైపు ఉండాలి. తర్వాత పెడితే ఫ్యూజు సొంత నిరోధమే పదో వంతు వోల్టు పైన మింగేస్తుంది. 1.4లో అది చిన్న సంగతేమీ కాదు.

పరీక్ష ఇది. 10 ఓంల లోడు, ఆ ఎర్ర టేపుది, తగిలించి 1.35 నుంచి 1.42 మధ్య ఉందో లేదో చూడండి. ఇప్పుడు ప్లగ్గు పీకి 56 ఓంల వాటిలో ఒకదాని కాలు ఊడదీసి, మళ్ళీ పెట్టి చూడండి. తర్వాత రెండోది కూడా ఊడదీయండి. వోల్టేజీ రెండు వోల్టులు దాటకుండా ఆగాలి, ఫ్యూజు పోవాలి. చేతులారా చెడగొట్టి చూసిన సప్లైనే పెట్టె వెనక పెట్టి నిద్రపోగలను. ఇదంతా ఎందుకనుకుంటే ఫిలమెంట్లకు పెద్ద సెల్లు ఒకటి పెట్టేసి, 90కి మాత్రమే మెయిన్స్ వాడుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఆరో మెట్టు: బుర్రుమనే చప్పుడు

90 వోల్టుల మీద ఎంత ఏసీ మిగిలిందో కొలవాలి. చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీకి కూడా ఏదో అంకె చూపిస్తాయి, అది చూసి బెదిరిపోకండి. మీటరు ఎర్ర వైరుకి 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల కండెన్సరు వరసలో పెడితే డీసీ ఆగిపోతుంది. పెద్ద కండెన్సరు మీద ముప్పావు వోల్టు దాకా ఉండొచ్చు, అది లెక్క ప్రకారం రావలసిందే. మాస్‌ఫెట్ దాటాక మీటరు దాదాపు సున్నా చూపించాలి.

ఏడో మెట్టు: సెట్టులోకి, వాల్వులు లేకుండా

వాల్వులు నాలుగూ తీసి, ఏది ఎక్కడిదో చీటీ పెట్టి, గుడ్డలో చుట్టండి. సప్లైని సెట్టుకి తగిలించి సాకెట్ల దగ్గర కొలవండి. ఏడు పిన్నుల సాకెట్లలో డీకే, డీఎఫ్, డీఏఎఫ్ ఫిలమెంట్లు 1, 7 పిన్నుల మధ్య ఉంటాయి. అక్కడ 1.4 ఉండాలి, ఇంకే అంకె వచ్చినా ఆగిపోండి. డీఎల్96 సాకెట్ దగ్గర 1, 7 మధ్య సున్నా వస్తే గాబరా వద్దు. దాని ఫిలమెంటు రెండు సగాలు. 1, 7 కలిపేసి 5ని రెండో కొసగా వాడతారు. 1కీ 5కీ మధ్య చూడండి, 1.4 ఉంటుంది.

ఫిలమెంటు పిన్నుల మీద 90 కనబడితే ప్లగ్గు తిరగబడిందన్నమాట. పాత సెట్లలో ఈ ప్రమాదం ఎక్కువ, ఎవరో ఎప్పుడో బ్యాటరీ ప్లగ్గు కోసేసి విడి తీగలు వదిలేసి ఉంటారు. తిరగేసి పెట్టడానికి వీల్లేని ప్లగ్గు కొత్తగా వేసుకోండి.

వాల్వులు లేనప్పుడే 90 లైనులో మిల్లీ ఆంపియర్ల మీటరు వరసలో పెట్టి చూడాలి. దాదాపు ఏమీ లాగకూడదు. రెండు మూడు మిల్లీ ఆంపియర్లు పోతుంటే సెట్టులోని పాత ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు కారుతోంది, ముందు దాన్ని మార్చాలి. అప్పుడు వాల్వులు పెట్టండి. ఫిలమెంటు వెలుగు కోసం వెతక్కండి, వీటిలో మామూలు వెలుతుర్లో ఏమీ కనబడదు. పైన గాజుకి అంటిన వెండి పూత తెల్లబడి ఉంటే ఆ వాల్వులోకి గాలి దూరింది. 8 నుంచి 12 మిల్లీ ఆంపియర్లు ఉంటే సరే. 20 దాటితే వెంటనే ఆపి, బయాస్ రెసిస్టరు సంగతి చూడండి.

250 వోల్టుల సెట్లు చేసేవాళ్ళకి

మెట్లు అవే, ప్రాణభయం ఎక్కువ. 250-0-250 ట్రాన్స్‌ఫార్మర్ చివర నుంచి చివరకి 500 ఏసీ, శిఖరం 700 దాటుతుంది. పసుపు రంగు చవక మీటరుని అక్కడ వాడకండి. ఏసీని డీసీ చేసే ఈజెడ్80 రెక్టిఫయర్ వాల్వు తర్వాత వచ్చే మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్లు దాటకూడదు, ఎక్కువ పెడితే బాగుంటుందని పెడితే వాల్వు పోతుంది. డమ్మీ లోడుకి మన జీరో బల్బు భలే పనికొస్తుంది. పేరు జీరో గానీ పాత ఫిలమెంటు జీరో బల్బు 12 నుంచి 15 వాట్లు తింటుంది, అంటే 230 దగ్గర 50, 65 మిల్లీ ఆంపియర్లు. ఈఎల్84 వాల్వు ఉన్న సెట్టు లాగేది దాదాపు అంతే. 6.3 వోల్టుల హీటరు వైపుకి బైకు ఇండికేటర్ 12 వోల్టుల 21 వాట్ల బల్బు పెడితే ఒక ఆంపియరు పైన లాగుతుంది.

యూసీహెచ్81, యూవై85 లాంటి వాల్వులున్న ఏసీ-డీసీ సెట్టు మీ దగ్గరుంటే ఈ పద్ధతి దానికి కాదు. దాని చాసిస్సే మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాని వెనక అట్ట విప్పకండి.

మొదటిసారి వినేటప్పుడు

పొద్దుగూకాక విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీదో, హైదరాబాద్ 738 మీదో పెట్టండి. స్టేషన్ లేనిచోట నిశ్శబ్దంగా ఉండి, స్టేషన్ మీదికి రాగానే పాట వెనక బుర్రుమంటూ వస్తే మీ ఫిల్టరు తప్పు కాదు, కండెన్సర్లు పెంచుకుంటూ పోకండి. మెయిన్స్ తీగల్ని పట్టుకుని వచ్చిన స్టేషన్ సిగ్నల్ బ్రిడ్జి డయోడ్ల గుండా పోతూ ఆ హమ్‌ని తగిలించుకుంటోంది. ప్లగ్గు పీకి, కండెన్సరు ఖాళీ చేసి, నాలుగు డయోడ్ల మీదా 0.01 మైక్రోఫారడ్ 630 వోల్టుల కండెన్సరు ఒక్కోటి సోల్డర్ చేయండి. అతుకుల్ని పుల్లతో కదిపి చూశాకే మళ్ళీ ప్లగ్గు పెట్టండి.